రాముడి రాజధానిలో ప్రజల జాడ

బ్యాంకాక్‌లో తొలి రోజు అందరూ తిరిగే దారి ఒకటే. ఆ దారి పక్కనే, టికెట్టు లేని మరో నగరం ఉంది

బ్యాంకాక్ వెళ్లొచ్చిన తెలుగు దంపతులను తొలి రోజు ఏం చూశారని అడిగితే ఇంచుమించు ఒకటే జవాబు వస్తుంది. పొద్దున రాజప్రాసాదం, మధ్యాహ్నం పడుకున్న బుద్ధుడు, ఆ తర్వాత నది అవతలి ఒడ్డున అరుణ దేవాలయం. మూడూ ఒకదానికొకటి కూతవేటు దూరంలోనే ఉంటాయి. ఈ మూడూ అయిపోతే నగరం చూసినట్టేనని టూరు ఏజెంట్లు చెబుతారు. చూసినవాళ్లూ నమ్ముతారు. 2024 డిసెంబరులో మేం వెళ్లినప్పుడు మా ఆవిడ రాసుకొచ్చిన కాగితంలోనూ ఈ మూడు పేర్లే ఉన్నాయి. ఆమె స్కూల్లో తెలుగు టీచరు. ఎమ్మేలో రాజనీతిశాస్త్రం చదివిన నేను వాటి కింద మరో రెండు పేర్లు చేర్చాను: థమ్మసాట్ విశ్వవిద్యాలయం, ప్రజాస్వామ్య స్మారకం. "సెలవు పెట్టుకుని ఇంత దూరం వచ్చింది యూనివర్సిటీ చూడ్డానికా?" అందామె. ముందు గుళ్లు, తర్వాతే మిగతావని ఒప్పందం కుదిరింది.

ఒక్క రోజులో ఈ రెండు జాబితాలూ తిరిగితే అర్థమయ్యేదేమిటంటే, అవి రెండు వేర్వేరు నగరాలవి కావు. ఒకే నగరం తన గురించి తాను చెప్పుకునే కథ ఒకటి, అంతగా చెప్పుకోని కథ మరొకటి.

ఏనుగుల రేవు దాకా

పాత నగరానికి వెళ్లాలంటే రోడ్డు కన్నా చావో ఫ్రయా నదే సుఖం. స్కైట్రెయిన్‌లో సఫాన్ తక్సిన్ స్టేషన్ దాకా వెళ్లి మెట్లు దిగితే ఎదురుగా సాథోన్ రేవు. అక్కడ నారింజ రంగు జెండా ఉన్న పడవ ఎక్కాలి. అది టూరిస్టుల కోసమే పెట్టిన పడవ కాదు. ఆఫీసులకు వెళ్లేవాళ్లు, యూనిఫాంలో విద్యార్థులు, సంచులతో ఆడవాళ్లు, తమకు కేటాయించిన చోట నిలబడ్డ బౌద్ధ భిక్షువులు. కండక్టరమ్మ చేతిలో పొడవాటి రేకు గొట్టం. టికెట్లూ చిల్లరా అందులోనే. దాన్ని టకటకలాడిస్తూ, భిక్షువులకు తగలకుండా ఒదిగి నడుస్తూ ఆమె డబ్బులు వసూలు చేస్తోంది. రద్దీ వేళ మన సిటీ బస్సుల్లో కండక్టర్ల నేర్పు గుర్తుకు రాక మానదు.

స్టేషన్ పేరులో ఉన్న తక్సిన్ ఒక రాజు. 1767లో బర్మా సేనలు అయుత్తయను నేలమట్టం చేశాయి. 400 ఏళ్లకు పైగా సయాం రాజధానిగా వెలిగిన ఆ నగరానికి పేరు మన అయోధ్య నుంచే వచ్చింది. చెల్లాచెదురైన రాజ్యాన్ని మళ్లీ కూడగట్టిన సేనాని తక్సిన్, నదికి పడమటి ఒడ్డున థోన్‌బురిలో రాజధాని పెట్టుకున్నాడు. థోన్‌బురి అంటే ధనపురి. 1782లో ఆయన మీద తిరుగుబాటు వచ్చింది. తక్సిన్‌ను చంపేశారు. ఆయన కింద సేనాపతిగా పనిచేసిన చావో ఫ్రయా చక్రీ గద్దెనెక్కి, రాజధానిని తూర్పు ఒడ్డుకు మార్చాడు. ఇప్పటి బ్యాంకాక్ అలా పుట్టింది. థాయిలాండ్‌ను నేటికీ ఏలుతున్నది ఆ చక్రీ వంశమే. పడవలో ఎగువకు పోతుంటే ఎడమ చేతి వైపు తక్సిన్ నగరం, కుడి చేతి వైపు ఆయన పోయాక కట్టిన నగరం.

మేం దిగిన రేవు పేరు థా చాంగ్. ఏనుగుల రేవని అర్థం. ఒకప్పుడు రాజుగారి ఏనుగులను నీళ్లాడించింది ఇక్కడే.

గోడ మీద రామకథ

రేవు దాటి రోడ్డెక్కామో లేదో ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన చిరునవ్వుతో ఎదురొచ్చాడు. "ప్యాలెస్ మధ్యాహ్నం దాకా మూసేశారు. లోపల ఏదో పూజ. ఈలోగా మా వాడి టుక్‌టుక్‌లో నాలుగు గుళ్లు చూసి రండి" అన్నాడు. ఇది బ్యాంకాక్‌లో చాలా ఏళ్లుగా ఆడుతున్న నాటకం. ఆ టుక్‌టుక్ ఎక్కినవాళ్లు చివరికి తేలేది నగల దుకాణంలోనో, సూట్లు కుట్టే షాపులోనో. "తిరుమల గుడి ఈ పూట సెలవంటే నమ్ముతామా?" అని తెలుగులోనే అని, అతనికో నమస్కారం పెట్టి ముందుకు నడిచింది మా ఆవిడ. గేటు దగ్గరికి వెళితే లౌడ్‌స్పీకర్ కూడా ఆ మాటే చెబుతోంది. ప్రాసాదం తెరిచే ఉంది, బయటివాళ్ల మాటలు నమ్మొద్దని.

విదేశీయులకు టికెట్టు 500 భాట్లు. మన లెక్కలో రూ. 1,200 పైమాటే. థాయ్ పౌరులకు ఉచితం. భుజాలు, మోకాళ్లు కనిపించే దుస్తులతో లోపలికి పోనివ్వరు. ఆ విషయం తెలియక నిక్కర్లతో వచ్చిన యూరోపియన్లు బయట పైజమాలు కొనుక్కునే హడావుడిలో ఉన్నారు.

లోపల అడుగుపెట్టగానే బంగారు పూత స్థూపాలు, అద్దాల ముక్కలు తాపిన స్తంభాలు, పింగాణీ పూలు పొదిగిన గోపురాలు. ఎండకు కళ్లు నిలవవు. గుమ్మాల దగ్గర జంటలు జంటలుగా యక్షులు కాపలా ఉన్నారు. ఆకుపచ్చ రంగులో పది తలలవాడు తోసకన్. దశకంఠుడన్న మాట థాయ్ నోట అలా అయింది. అతని జోడీగా తెల్లగా ఉన్నవాడు సహస్రతేజుడు. రాముణ్ని కొలిచే రాజులు తమ ఇలవేల్పు గుడికి రావణుణ్ని కాపలా పెట్టుకున్నారు.

ఆ ఇలవేల్పు మరకత బుద్ధుడు. ఎత్తు 66 సెంటీమీటర్లే. పేరుకు మరకతం గానీ నిజానికి అదొక పచ్చరాయి. వేసవి, వానాకాలం, శీతాకాలం మారినప్పుడల్లా ఈ విగ్రహానికి వేరే దుస్తులు తొడుగుతారు. మన గుళ్లలో అలంకారం అర్చకుల పని. ఇక్కడ ఆ పని రాజు చేతుల మీదుగా జరగాలి. విగ్రహం అంతకుముందు 200 ఏళ్లకు పైగా లావోస్‌లోని వియంతియాన్‌లో ఉండేది. ఆ నగరాన్ని గెలిచిన సయాం సేనలు 1779లో దీన్ని ఇటు తెచ్చాయి. ఆ సేనల నాయకుడు తర్వాత రాజైన చక్రీయే. ఎవరి దగ్గర ఈ బుద్ధుడుంటే వాళ్లదే రాజ్యమన్న నమ్మకం అప్పటికే ఉంది.

మా ఆవిడకు అసలు పండగ గుడి చుట్టూ ఉన్న వసారాలో మొదలైంది. ఆ గోడల మీద రామాయణం మొత్తం 178 చిత్రాలుగా నడుస్తుంది. వాళ్ల రామాయణం పేరు రామకియన్, అంటే రామకీర్తి. తొలి చక్రీ రాజు హయాంలో, 18వ శతాబ్దం చివర ఇప్పుడున్న రూపం దిద్దుకుంది. ఇందులో సీత రావణుడి కూతురు. పుట్టుకతోనే వంశనాశనం రాసిపెట్టి ఉందని పెట్టెలో పెట్టి నీళ్లలో వదిలేస్తే జనకుడికి దొరుకుతుంది. మన దేశంలో కొన్ని జైన రామాయణాలదీ ఇదే దారి. అసలు చిక్కు హనుమంతుడితో వచ్చింది. తెల్లని ఈ హనుమంతుడు బ్రహ్మచారి కాడు. సేతువు కట్టే రాళ్లను చేపల చేత లాగించేస్తున్న రావణుడి కూతురు సుపన్నమచ్చా, అంటే సువర్ణమత్స్య, అతని మీద మనసు పడుతుంది. వాళ్లకో కొడుకు పుడతాడు.

"ఆంజనేయుడికి కొడుకేంటండీ!" అని ముందు నొచ్చుకుంది. రెండు చిత్రాలు దాటాక తనే ఆగింది. "మైరావణుడి కథలో మత్స్యవల్లభుడు లేడూ? ఆ పిల్లాడే వీడు." నిజమే. రాముణ్ని పాతాళానికి ఎత్తుకుపోయే మైరావణుడు ఇక్కడ మైయరాప్. ఆ పాతాళం గుమ్మం దగ్గర తండ్రినే ఎదిరించే మత్స్యవల్లభుడు ఇక్కడ మచ్చాను. మన దగ్గర చేప మింగింది హనుమంతుడి చెమట చుక్కను. వాళ్లు అంత మొహమాటపడలేదు. తోలుబొమ్మలాటలో మైరావణ చరిత్ర చూసిన వాళ్లెవరైనా ఈ గోడ ముందు పుట్టింటికి వచ్చినట్టే నిలబడతారు.

అడగకూడని ప్రశ్న

ఈ పరిచయమే మనల్ని కాస్త ఏమరుపాటులో పడేస్తుంది. అంతా మనదేననిపిస్తుంది, ఇక తెలుసుకోవాల్సిందేమీ లేదనిపిస్తుంది. కానీ ఇక్కడ రాముడు గోడ మీదే ఆగిపోలేదు. చక్రీ రాజులందరికీ రాముడని వరుస సంఖ్య ఉంది. తరతరాల ఆచారంలా కనిపించే ఈ లెక్కను మొదలుపెట్టింది 1916లో, ఇంగ్లండులో చదువుకొచ్చిన వజిరావుధ్ రాజు. ఆయన తనను ఆరో రాముడనుకుని, వెనకటి వాళ్లకూ నంబర్లిచ్చాడు. 2016లో గద్దెనెక్కిన వజిరలాంగ్‌కాన్ పదో రాముడు.

పక్కనే ఒక టూరిస్టు బృందానికి చిత్రాలు వివరిస్తున్న నడివయసు గైడును మా ఆవిడ మామూలుగానే అడిగింది: "ఇప్పటి రాజుగారి గురించి జనం ఏమనుకుంటారు?" అతను నవ్వాడు. "అటు వైపు గోడ మీద హనుమంతుడు ఇంకా బాగుంటాడు, రండి" అన్నాడు.

అతని తప్పేమీ లేదు. థాయ్ శిక్షాస్మృతిలో 112వ సెక్షన్ ఉంది. రాజును, రాణిని, యువరాజును, రాజప్రతినిధిని కించపరిచినా, అవమానించినా, బెదిరించినా ఒక్కో నేరానికి మూడు నుంచి 15 ఏళ్ల జైలు. ఆ సెక్షన్‌ను సవరిస్తామన్న మూవ్ ఫార్వర్డ్ పార్టీకి 2023 ఎన్నికల్లో 500 సీట్లలో 151 వచ్చాయి. అన్ని పార్టీల కన్నా అవే ఎక్కువ. నియమిత సభ్యుల సెనేట్ అడ్డుపడటంతో దాని నాయకుడు ప్రధాని కాలేకపోయారు. 2024 ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ పార్టీనే రద్దు చేసింది. మేం గోడ ముందు నిలబడేనాటికి ఆ తీర్పు వచ్చి నాలుగు నెలలు.

బయటికొచ్చే దారిలో చక్రీ మహాప్రాసాదం కనిపిస్తుంది. 1882లో పూర్తయిన ఈ భవనం కింద అంతా ఇటలీ తరహా, పైకప్పు మాత్రం థాయ్ శిఖరాలు. తలపాగా చుట్టుకున్న దొరలా ఉందని మేమనుకున్నాం. థాయ్‌లు కూడా దీన్ని కిరీటం పెట్టుకున్న దొర అనే వేళాకోళం చేస్తారు. వలస పాలన కింద పడకుండా నిలిచిన రాజ్యం, ఆ దొరలకు తీసిపోమని చూపించుకోవడానికి పడ్డ తాపత్రయం ఈ గోడల్లో ఉంది.

నూట ఎనిమిది గిన్నెలు

ప్రాసాదానికి దక్షిణాన వాట్ ఫో. 1832లో మూడో రాముడి కాలంలో చేయించిన శయన బుద్ధుడి పొడవు 46 మీటర్లు, ఎత్తు 15 మీటర్లు. గదిలో విగ్రహం పట్టిందా, విగ్రహం చుట్టూ గది కట్టారా అన్నట్టు ఉంటుంది. ఒకేసారి మొత్తం చూడటం ఎవరికీ సాధ్యం కాదు. తల దగ్గర మొదలెట్టి పాదాల దాకా నడవాల్సిందే. అరికాళ్ల మీద ముత్యపు చిప్పతో పొదిగిన 108 శుభచిహ్నాలు. వెనకవైపు వరుసగా 108 కంచు గిన్నెలు. 20 భాట్లిస్తే చిల్లర నాణేల గిన్నె చేతికిస్తారు. ఒక్కో గిన్నెలో ఒక్కో నాణెం వేస్తూ పోవాలి. ఆ చప్పుడు గదంతా వాన చినుకుల్లా వినిపిస్తూనే ఉంటుంది.

ఈ గుడికి మరో గొప్ప ఉంది. వైద్యం, మర్దనా, ఛందస్సు, నీతి లాంటి విద్యలన్నీ రాళ్ల మీద చెక్కించి, వచ్చినవాళ్లంతా చదువుకునేలా గోడలకు తాపించాడు మూడో రాముడు. ఈ శాసనాలను యునెస్కో 2011లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. చదువు రాజుగారి ప్రసాదంగా ప్రజలకు అందిన చోటిది. 100 ఏళ్ల తర్వాత అదే చదువు రాజుకు ఎదురు నిలిచిన చోటు కిలోమీటరున్నర దూరంలో ఉంది. మేం సాయంత్రం వెళ్లాల్సింది అక్కడికే.

ఈలోగా ఆకలి. థా తియాన్ రేవు పక్క సందులో ఒక చిన్న హోటల్. శాకాహారం కావాలని చెప్పడానికి మా ఆవిడ ఫోన్‌లో మాట వెతికి, చూపించకుండా గట్టిగా నవ్వింది. ఆ మాట మాంగ్సవిరాట్. మాంస విరతి. మన నిఘంటువులో మూలనపడ్డ సంస్కృతం ఇక్కడ హోటల్ మెనూలో ఉంది. గుడ్డు, రొయ్య లేకుండా పాడ్ థాయ్ చేసి పెట్టారు. వెడల్పాటి బియ్యపు సేమ్యాకు చింతపండు పులుపు, బెల్లం తీపి, పైన దంచిన వేరుశనగపప్పు. పొట్టి పచ్చిమిరపకాయ కొరికాక గుంటూరు వాళ్లం కాబట్టి తట్టుకున్నాం.

రేవు దగ్గర బల్లకట్టులాంటి పడవ ఎక్కితే రెండు నిమిషాల్లో వాట్ అరుణ్. సూర్యుడి సారథి అరుణుడి పేరు మీద గుడి. దూరానికి రాతి గోపురంలా కనిపించేది దగ్గరికి వెళితే పింగాణీ పెంకుల పూలతోట. చైనా నుంచి వచ్చే ఓడల్లో బరువు కోసం వేసిన పింగాణీ సామాను ముక్కలను ఇలా గోపురానికి ఎక్కించారు. మరకత బుద్ధుడు నది దాటక ముందు కొన్నేళ్లు ఉన్నది ఈ గుళ్లోనే. మెట్లు నిటారుగా ఉన్నాయి. ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడే దేవుడు గుర్తొస్తాడు. పై నుంచి చూస్తే నది వంపు, దాని ఒడ్డున పొద్దుటి బంగారు శిఖరాలు, వాటి పక్కన ఒక పచ్చని మైదానం. కాగితంలో మొదటి మూడు పేర్లూ అయిపోయాయి.

చింతచెట్ల మైదానం

ఆ మైదానం పేరు సనామ్ లువాంగ్. రాజప్రాసాదానికి ఉత్తరాన ఉంటుంది. పూర్వం దీన్ని మేరు మైదానమనేవారు. రాజు పోతే మేరు పర్వతంలాంటి చితి కట్టి దహనం చేసేది ఇక్కడే. 70 ఏళ్లు రాజ్యమేలిన భూమిబల్‌కు 2017 అక్టోబరు 26న అంత్యక్రియలు జరిగిందీ ఇక్కడే. ఏటా మే నెలలో రాజ బ్రాహ్మణులు పూజ చేసి ఎడ్లు కట్టి నాగలి సాగిస్తారు. మన ఏరువాక లాంటిదే. ఎడ్ల ముందు గింజలు, గడ్డి, నీళ్లు, సారా పెట్టి, అవి దేనికి మూతి పెడితే దాన్నిబట్టి ఆ ఏడు పంటల జోస్యం చెబుతారు.

మైదానం చుట్టూ రెండు వరుసల్లో చింతచెట్లు. వాటి నీడలో కూర్చోగానే మా ఆవిడ చెప్పులు విప్పి కాళ్లు చాపుకుంది. "పొద్దుటి నుంచీ చూసినవన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. మా అమ్మమ్మ గారి ఊరి చింతతోపులా ఉంది" అంది. ఈ చెట్ల సంగతి చెప్పాలా వద్దా అన్నది నాకు అక్కడ ఎదురైన ప్రశ్న. తెలిసి కూర్చోవడం ఒకటి, తెలియక కూర్చోవడం ఒకటి. చెప్పాను.

మైదానానికి పడమట కనిపించే గేటు థమ్మసాట్ విశ్వవిద్యాలయానిది. ఆ మాటకు మూలం ధర్మశాస్త్రం. 1932 జూన్ 24న కొద్దిమంది సైనిక, పౌర అధికారులు కలిసి సయాంలో నిరంకుశ రాచరికాన్ని ముగించి, రాజును రాజ్యాంగానికి లోబడేలా చేశారు. వాళ్లలో మేధావి ప్రీది ఫనోమ్‌యాంగ్. కొత్త వ్యవస్థను నడిపే పౌరులు కావాలని 1934లో ఆయన పెట్టిన సంస్థ ఇది. అప్పట్లో దీని పేరు ధర్మశాస్త్ర, రాజకీయ విశ్వవిద్యాలయం. 1952లో పాలకులు పేరులోంచి రాజకీయాన్ని తీసేశారు. క్యాంపస్‌లోంచి తీయలేకపోయారు.

1973 అక్టోబరులో ఇక్కడి నుంచి కదిలిన విద్యార్థులు, వెంట నడిచిన లక్షలాది జనం సైనిక నియంత థనోమ్ కిత్తికాచోన్‌ను దేశం విడిచిపోయేలా చేశారు. 77 మంది ప్రాణాలు పోయాయి. మూడేళ్లకు థనోమ్ కాషాయం కట్టి భిక్షువుగా తిరిగొచ్చాడు. అతనికి వ్యతిరేకంగా పోస్టర్లు అంటించిన ఇద్దరు విద్యుత్ కార్మికులను చంపి వేలాడదీశారు. విద్యార్థులు క్యాంపస్‌లో ఆ ఘటనను నాటికగా ఆడితే, ఉరికి వేలాడే పాత్రధారికి యువరాజు పోలికలున్నాయని దుమారం రేగింది. వాళ్లను కమ్యూనిస్టులని, రాజద్రోహులని రేడియోలు రెచ్చగొట్టాయి. 1976 అక్టోబరు 6 తెల్లవారుజామున పోలీసులు, మితవాద మూకలు ఈ గేటు లోపలికి చొరబడ్డారు. అధికారిక లెక్కల్లోనే 46 మంది చనిపోయారు. కొందరి దేహాలను ఈడ్చుకొచ్చి ఈ మైదానంలోని చెట్లకు వేలాడదీశారు. చెట్టుకు వేలాడుతున్న ఒక దేహాన్ని మడతకుర్చీతో కొడుతున్న మనిషి, చుట్టూ చోద్యం చూస్తున్న జనం, వాళ్లలో నవ్వుతున్న ఒక కుర్రాడు ఉన్న ఫోటోకు అసోసియేటెడ్ ప్రెస్ ఫోటోగ్రాఫర్ నీల్ ఉలెవిచ్‌కు 1977లో పులిట్జర్ వచ్చింది. ఆ రోజు సాయంత్రమే సైన్యం అధికారం చేజిక్కించుకుంది. 1978లో క్షమాభిక్ష చట్టం తెచ్చారు. చంపినవాళ్లలో ఒక్కరికీ శిక్ష పడలేదు.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చెప్పులు వేసుకుంది. "మొదటి రోజే చెప్పాలా ఇది?" అంది. కాసేపాగి, "చెప్పకపోతే నేను ఫోటో దిగి ఇంటికి పంపేదాన్ని" అని తనే లేచి గేటు వైపు నడిచింది. లోపల, గేటుకు దగ్గర్లోనే ఎర్రని రాతి స్మారకం ఉంది. 2000లో కట్టారు. ఘటన జరిగిన 24 ఏళ్లకు. దాని పక్క నుంచి పిల్లలు ఐస్ టీ తాగుతూ, ఫోన్లు చూసుకుంటూ క్లాసులకు పోతున్నారు. ఇక్కడ టికెట్టు లేదు, లౌడ్‌స్పీకర్ లేదు. మేమున్నంతసేపూ మరో టూరిస్టు రాలేదు.

పళ్లెంలో రాజ్యాంగం

సనామ్ లువాంగ్ నుంచి తూర్పుగా రాచదామ్నొన్ మార్గం. రాజు సాగే దారని అర్థం. 1897లో యూరప్ చూసొచ్చిన ఐదో రాముడు చులలాంగ్‌కాన్ వేయించిన విశాలమైన వీధి. రాజు ఊరేగింపు కోసం వేసిన ఈ వీధిలోనే 1973, 1992, 2010, 2020లలో జనం బైఠాయించారు. మొదటి మూడుసార్లూ రక్తం చిందింది. దారిలో ఖోక్ వువా కూడలి దగ్గర 1973 మృతుల స్మారకం ఉంది. అది 2001లో గానీ పూర్తి కాలేదు.

ఆ వీధి మధ్యలో, వాహనాల ప్రవాహం నడుమ దీవిలా ప్రజాస్వామ్య స్మారకం. 1940 జూన్ 24న ప్రారంభించారు. ఇందులో ప్రతి కొలతా ఒక లెక్కే. నాలుగు రెక్కల ఎత్తు 24 మీటర్లు, తిరుగుబాటు జరిగిన తేదీకి గుర్తు. చుట్టూ పాతిన 75 ఫిరంగులు బౌద్ధ శకం 2475కు, అంటే 1932కు గుర్తు. నడిమి బురుజు మీద రెండంచెల పళ్లెంలో పెట్టి ఉన్నది విగ్రహం కాదు, రాజ్యాంగ ప్రతి. కింద చెక్కిన శిల్పాలు ఇటలీ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కొరాదో ఫెరోచీవి. వాటిలో సైనికులున్నారు, పౌరులున్నారు. రాజు లేడు. పొద్దుటి నుంచి తిరిగిన చోట్లలో రాజు కనిపించనిది ఇదొక్కటే. కట్టించిన ఫిబున్ సాంగ్‌ఖ్రామ్ మాత్రం సైనిక నియంతే. ప్రజాస్వామ్యానికి గుడి కట్టినవాడు ప్రజాస్వామ్యవాది కాకపోవడం థాయ్ రాజకీయాల్లో మొదటి వింతా కాదు, చివరిదీ కాదు.

ఆ పళ్లెంలో ఉన్నది ఏ రాజ్యాంగమని అడగాల్సిన దేశమిది. మన దేశానికి 1950 నుంచి ఒకటే రాజ్యాంగం. థాయిలాండ్‌కు 1932 నుంచి 2017 దాకా 20 వచ్చాయి. 2014 మే 22న సైన్యం మళ్లీ అధికారం చేపట్టి అంతకుముందున్నదాన్ని పక్కన పెట్టింది. 1932 జ్ఞాపకాన్ని కూడా మెల్లమెల్లగా చెరిపేశారు. ఒకప్పుడు జాతీయ దినమైన జూన్ 24ను 1960లో ఆ హోదా నుంచి తప్పించి, రాజు పుట్టినరోజుకు ఇచ్చారు. విప్లవం ప్రకటించిన చోట రోడ్డులో పొదిగిన ఇత్తడి ఫలకం 2017 ఏప్రిల్‌లో మాయమైంది. దాని స్థానంలో రాజభక్తిని పొగిడే మరో ఫలకం ప్రత్యక్షమైంది. 2020 సెప్టెంబరులో నిరసనకారులు సనామ్ లువాంగ్‌లో కొత్త ఫలకం పొదిగితే మర్నాటికల్లా అదీ లేదు.

మా ఆవిడ గైడు పుస్తకంలో ఆ స్మారకం థాయ్ పేరును కూడబలుక్కుంటూ చదువుతోంది: "ప్ర...చా...థి...ప...తై." రెండోసారి చదివి తలెత్తింది. "ఇది మన మాటే కదండీ. ప్రజాధిపత్యం!"

పేరులో ఎవరున్నారు

స్మారకం నుంచి దిన్సో వీధి పట్టుకుని దక్షిణంగా పది నిమిషాలు నడిస్తే నగరపాలక సంస్థ భవనం. దాని ముందు ఎర్రటి టేకు దూలాలతో ఆకాశంలోకి లేచిన ఉయ్యాల కమ్ములున్నాయి. ఒకప్పుడు శివుడి పేరు మీద ఇక్కడ ఉయ్యాల పండగ జరిగేది. ప్రమాదాలు జరగడంతో 1935 నుంచి ఊగడం మానేశారు. పక్కనే 1784లో కట్టిన బ్రాహ్మణ దేవస్థానం. అక్కడి అర్చకులు ఏటా జరిపే ఆ క్రతువు పేరు త్రియంపవై, త్రిపవై. తమిళుల తిరువెంబావై, తిరుప్పావైలు సముద్రం దాటి ఇలా మిగిలాయి. ధనుర్మాసంలో మన గుళ్లలో వినిపించే తిరుప్పావైకి ఇంత దూరాన చుట్టముందని తెలిసి మా ఆవిడ ముఖం మళ్లీ తేటపడింది.

భవనం ముందు ఈ నగరం పూర్తి పేరు రాసి ఉంటుంది. బ్యాంకాక్ అన్నది బయటివాళ్ల వాడుక. వాళ్లకిది క్రుంగ్ థేప్. పూర్తి పేరు ప్రపంచంలోనే అతి పొడవైన ఊరిపేరుగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. థాయ్ యాస తీసేస్తే అందులో మనకు తెలియని మాటలు కొన్నే. దేవతలు, మహానగరం, అమరులు, రత్నకోశం, అయోధ్య, నవరత్నాలు, రాజధాని, రాజనివాసం, మహాస్థానం, విమానం, అవతారం. చివర ఇంద్రుడి ఆనతి మీద విశ్వకర్మ కట్టాడని కొసమెరుపు. పొద్దుటి నుంచి చూసిందంతా ఈ ఒక్క పేరులో ఉంది. అంత పొడవు పేరులోనూ ప్రజ అన్న మాట మాత్రం లేదు. పది నిమిషాల దూరంలో ఉన్న స్మారకం పేరు ఆ మాటతోనే మొదలవుతుంది.

పేరులో లేకపోయినా జనం ఊళ్లో లేకుండా పోలేదు. థాయిలాండ్‌లో మిగతా రాష్ట్రాల గవర్నర్లను ప్రభుత్వం నియమిస్తుంది. బ్యాంకాక్ గవర్నర్‌ను మాత్రం నగరవాసులే నేరుగా ఎన్నుకుంటారు. 2014 సైనిక కుట్ర తర్వాత చాన్నాళ్లు ఆ హక్కు ఆగిపోయింది. 2022లో ఎన్నికలు మళ్లీ వచ్చినప్పుడు చాడ్‌చాట్ సిత్తిపన్‌ను దాదాపు 14 లక్షల ఓట్లతో గెలిపించారు. భవనం ముందున్న చప్టా పేరు లాన్ ఖోన్ మువాంగ్, ఊరి జనం మైదానమని అర్థం. మేం చేరేసరికి పొద్దుగూకింది. చప్టా మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. ఆఫీసు వదిలిన ఆడవాళ్లు పాట పెట్టుకుని వ్యాయామం చేస్తున్నారు. రాజు, రాముడు, సైన్యం అన్న మాటలేవీ అక్కడ వినిపించలేదు. బ్యాంకాక్ వెళ్లే వాళ్లు మూడు గుళ్లూ తప్పక చూడాలి. అవి చూడదగ్గవే. ఆ తర్వాత ఒక గంట మిగిలితే, చింతచెట్ల దగ్గర మొదలుపెట్టి ఈ చప్టా దాకా నడవాలి. దూరం రెండు కిలోమీటర్లకు మించదు.